కిరాయి నాగళ్ళ తుప్పు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. సిటీ బస్సును కూడా ముందు నిలబడ్డ జనం మొహాలను బట్టి గుర్తుపట్టేదాన్ని. పూలబుట్టలున్నవాళ్ళు ఎక్కితే అమీర్‌పేట వైపు, జుట్టుకు రంగు వేసుకున్న కుర్రాళ్ళు ఎక్కితే కృష్ణానగర్ వైపు అని నా లెక్క (చాలాసార్లు తప్పేది). నలభై దాటిన తరువాత మధురానగర్‌లో మా కింది వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ నన్ను పట్టుబట్టి కూర్చోబెట్టి, బియ్యంలో రాళ్ళు ఏరినంత ఓపికగా నా తప్పులు ఏరి, రాయడం నేర్పింది. ఈ సంగతి ఇన్నేళ్ళూ రాయలేకపోవడానికి కారణం అక్షరం రాకపోవడమే. రాయలేదు గాని చెప్పాను, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. నోటితో చెప్పిన కథతో వచ్చే చిక్కేమిటంటే అది విన్నవాళ్ళ సొత్తు అయిపోతుంది. మా మేనత్త చెప్పేటప్పుడు మేం పనిచేసిన ఇంటి అల్లుడుగారికి కరెంటు కొట్టి నిమ్మచెట్టు దాకా ఎగిరిపడతాడు (కరెంటు కొట్టలేదు, ఆయన ఎగరలేదు, అసలక్కడ నిమ్మచెట్టే లేదు). మా ఆయన చెప్పేటప్పుడు హీరోయిన్ నన్ను కౌగిలించుకుంటుంది. అందుకని, అక్షరాలు ఇంకా వంకర పోతున్నా, జరిగింది జరిగినట్టు నేనే రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

మెదక్ వైపు మా ఊరినుంచి నన్ను హైదరాబాదుకు తెచ్చింది మా మేనత్తే. ఆమె జూబ్లీ హిల్స్‌లో ఒక అయ్యగారి ఇంట్లో వంట చేసేది. అయ్యగారిది గోదావరి వైపు ఊరు. ఆయన వ్యాపారం సినిమాలకు సామాను కిరాయికి ఇవ్వడం. ఇంటి వెనక, ఫిల్మ్‌నగర్ వైపు దిగే ఏటవాలులో, రేకుల గోడౌన్ ఉండేది. అందులో సింహాసనాలు, పల్లకీలు, జడ్జిగారి బల్ల, నలుగురు మోయలేనట్టు కనిపించి నా ఒక్క చేతికి లేచే రాతిస్తంభాలు. నా పని వాటన్నిటి దుమ్ము దులపడం. మధ్యాహ్నం రాజుగారి సింహాసనం మీద కూర్చుని జొన్నరొట్టె తినేదాన్ని. అంత పెద్ద కుర్చీ అంత గట్టిగా ఉంటుందని రాజులకు తెలిస్తే రాజ్యాలకోసం అన్ని యుద్ధాలు చేసేవాళ్ళు కాదేమో.

అయితే ఆ ఉద్యోగం ఇంకా నాది కాలేదు. "నెల చూస్తానమ్మా, పనికొస్తే ఉంచుకుంటా, లేదంటే మీ అత్త నిన్ను బస్సెక్కిస్తుంది" అన్నారు అయ్యగారు చేరిన రోజునే. బస్సెక్కితే ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. ఊళ్ళో మా వదిన తన తమ్ముణ్ణి నాకోసం సిద్ధంగా ఉంచింది. అతను నన్ను చూడటానికి వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే, ఒక్క విడతకు ఎన్ని బిందెలు మోయగలవని. నేను జవాబు చెప్పేలోపే తన బర్రె సంగతి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా ఆపలేదు. ఆ బర్రె మీద నాకేమీ కోపం లేదు. కాని మిగిలిన బతుకంతా దాని గురించే వినాలంటే దిగులేసింది. కాబట్టి ఆ నెల రోజులు నేను దులిపినంత దుమ్ము జూబ్లీ హిల్స్ చరిత్రలో ఎవరూ దులిపి ఉండరు.

అప్పుడు ఊరంతా కంప్యూటర్ల గాలి వీస్తోంది. మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు కోర్సు కాగితం. అయ్యగారు కూడా ఆ గాలికే పడి, ఒక్కగానొక్క కూతురిని సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఇచ్చారు. కొత్త జంట మేడమీది వాటాలో ఉండేది. కూతురు తన ఆఫీసుకు పొద్దున్నే పోయేది. అల్లుడుగారు మాత్రం పోయేవాడు కాదు. ఆయన కంపెనీలో ఒక పని అయిపోయి ఇంకో పని ఇంకా రాలేదట, జీతం మాత్రం వస్తుందట. పని చేయకుండా జీతమిచ్చే చోటు ఒకటుందని అయ్యగారు జీర్ణించుకోలేకపోయారు. అల్లుణ్ణి ఏమీ అనలేరు, ఊరుకోనూ లేరు, మాతో మాట్లాడేటప్పుడు "పైనున్న అబ్బాయి కాఫీ తాగాడా?" అనేవారు, ఎవరో అద్దెకున్నవాణ్ణి గురించి అడిగినట్టు. ఆ సంగతి పాపం అల్లుడుగారికి తెలుసు. మామగారికి పనికొచ్చే పని ఏదైనా చేసి చూపించాలని ఇల్లంతా కలియతిరిగేవాడు. బాగున్న ఫ్యాను విప్పేవాడు. కారని కుళాయి బిగించేవాడు, ఆ తరువాత అది కారేది.

ఇలా ఉండగా అయ్యగారు దగ్గరివాళ్ళ పెళ్ళికి రాజమండ్రి బయలుదేరుతూ నన్ను పిలిచారు. ఎల్లుండి పొద్దున్న షూటింగుకు వ్యవసాయం సామాను పోవాలి, అటక మీద ఇనప నాగలి కర్రులు, గుంటక కింద బిగించే పాస, బావి గిలక ఉన్నాయి, దించి దుమ్ము దులిపి సిద్ధంగా పెట్టమన్నారు. తాను ఎల్లుండి తెల్లవారేసరికి వచ్చేస్తానన్నారు. అంత పెద్ద పని నాకొక్కదానికే అప్పజెప్పడం అదే మొదటిసారి. ఇది పరీక్ష అని నాకు అర్థమైంది.

దించాను. ఆ గోడౌన్‌లో నిజంగా బరువున్న వస్తువులు ఆ కర్రులూ పాసే. ఎక్కడో పల్లెల్లో పాతఇనుము కింద కొన్నవి, నిలువునా తుప్పు. దులిపాను. ఎర్రటి దుమ్ము రాలింది. మళ్ళీ దులిపాను, మళ్ళీ రాలింది. గోనెపట్టాతో రుద్దాను, ఇటుకముక్కతో తోమాను. ఎంత తోమితే అంత రాలుతోంది, దుమ్ము అయిపోయే జాడ లేదు. దానికితోడు నేను నాగలి దున్నే కాపుదనం ఇంటి పిల్లను. మా నాయనకు నాగలి కర్రు మీద ఎర్రచుక్క కనబడితే అన్నం సహించేది కాదు. కర్రు తుప్పు పట్టిందంటే ఆ ఇంటివాడు పొలం మొహం చూడలేదని ఊరంతా అనుకుంటుంది. ఆ సామాను షూటింగులో నలుగురి మధ్య అలా కూర్చుంటే మా నాయన పరువే పోతుందన్నంతగా నాకు పట్టింపు వచ్చేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

ఆ శబ్దానికి అల్లుడుగారు మేడ దిగి వచ్చాడు. కాసేపు చూశాడు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. బర్రె మాట ఎత్తగానే మా వదిన తమ్ముడి మొహంలో వచ్చే వెలుగు అచ్చం అలాంటిదే.

"చేత్తో ఎందుకు రుద్దుతున్నావమ్మాయ్? దీనికి సైన్సుంది. నువ్వు ముట్టుకోనక్కర్లేదు, తుప్పు దానంతట అదే వదిలేస్తుంది. ఎలక్ట్రాలసిస్."

(ఆ మాట రాయడానికి ఇప్పుడు నాకు పట్టిన సమయంలో ఇంకో నాగలి తుప్పు పట్టి ఉంటుంది.)

ఆ తరువాత ఇల్లు ఇల్లులా లేదు. నీళ్ళ నీలం డ్రమ్ము పెరట్లోకి దొర్లించాడు. బట్టల సోడా డబ్బా మొత్తం అందులో కుమ్మరించి చీపురుకట్టెతో కలిపాడు. డ్రైవరు దగ్గర కారు బ్యాటరీ చార్జింగు పెట్టే పెట్టె ఉంటే అడిగి తెచ్చాడు. దానికి ఒక ఎర్ర క్లిప్పు, ఒక నల్ల క్లిప్పు. ఇంటి స్లాబు వేయగా మిగిలిన ఇనప చువ్వలు డ్రమ్ము అంచుల వెంట నిలబెట్టాడు. నడుమ కర్ర అడ్డం పెట్టి దాని నుంచి నాగలి కర్రును తీగతో వేలాడదీశాడు. ఇంకో ఇనపముక్క ఏదైనా కావాలంటే మా అత్త వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చింది. వద్దు, ఈ నీళ్ళలో స్టీలు పెడితే విషం పుడుతుందన్నాడాయన. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా అదే పళ్ళెంలో వడ్డిస్తున్న మా అత్తకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఆ సాయంత్రం ఆయనకు పెరుగు తక్కువ పడింది.

నీళ్ళలోకి కరెంటు పెడుతున్నాడని తెలిశాక అత్త అప్పడాల కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది, ఆయనకు కరెంటు పట్టుకుంటే కొట్టి విడిపించడానికి. అది పన్నెండు వోల్టులేనని ఆయన ఎంత చెప్పినా వినలేదు. "వోల్టులు మాకు తెల్వయ్ సారూ, అయ్యగారి బిడ్డకు మేం ఏం జవాబు చెప్పాలె" అని అక్కడే నిలబడింది. ఆయన స్విచ్చి వేశాడు. ఏమీ కాలేదు. ఆ తరువాత కర్రు చుట్టూ సన్నటి బుడగలు, సోడాబుడ్డి కొట్టినప్పటిలా, బుసబుసమని లేచాయి. ముగ్గురం డ్రమ్ములోకి తొంగిచూశాం. నేను సినిమావాళ్ళ మధ్య అన్ని రోజులుండి చూసిన మొట్టమొదటి నిజమైన వింత అదే.

సాయంత్రానికి తీసి చూస్తే చువ్వలు తళతళలాడుతున్నాయి. కర్రు మాత్రం ముందుకన్నా నల్లగా, అక్కడక్కడ కొరుక్కుతిన్నట్టు ఉంది. అల్లుడుగారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పైకి పోయి లావాటి పుస్తకం తిరగేసి, కిందికి వచ్చి, ఎర్ర క్లిప్పున్న చోట నల్లది, నల్లదున్న చోట ఎర్రది మార్చి పెట్టి, "ఇది ట్రయల్" అన్నాడు. మా అత్త అప్పడాల కర్ర దించకుండానే, "చువ్వలు మంచిగ మెరుస్తున్నయ్ సారూ, వాటినే పంపుదాం షూటింగుకు" అంది. పెరుగు కోపం ఇంకా తీరలేదు.

మర్నాడు మాత్రం ఆయన చెప్పినట్టే జరిగింది. కర్రులు, పాస, ఒకదాని తరువాత ఒకటి డ్రమ్ములోకి దిగాయి. నీళ్ళ మీద గోధుమరంగు నురగ కట్టింది. పొద్దుటిపూట అత్త వచ్చి చూసి, ఇనప సామానుకు జరుగుతున్న వైభవం చూసి మనసు కరిగిపోయి, దసరాకు ఆయుధాలకు చేసినట్టు కుంకుమబొట్టు పెట్టి రెండు అగరుబత్తులు వెలిగించి డ్రమ్ము అంచున గుచ్చబోయింది. అల్లుడుగారు చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చి అగరుబత్తులు లాక్కుని బకెట్లో ముంచేశాడు. ఆ బుడగల్లో ఉన్నది మండే గాలి అట. పూజ చేయబోతే మధ్యలో ఆర్పేసిన అల్లుణ్ణి అత్త తన బతుకులో చూడలేదు. ఆ తరువాత ఆయన గిలక తెస్తానని గోడౌన్‌లోకి పోయాడు. అంత పెద్ద ఇనప గిలకను ఎత్తడానికి కాళ్ళు ఎడం చేసి, ఊపిరి పీల్చి, బలమంతా పెట్టి లేపాడు. అది చెక్కది. ఎవరో హీరో ఎత్తడానికి చేయించింది. గిలక ఆయన నెత్తిమీదుగా వెనక్కి పోయింది, దాని వెనకే ఆయనా పోయాడు. (కరెంటు కొట్టి ఎగిరిపడ్డాడని మా అత్త చెప్పేది బహుశా ఇదే.)

పొద్దు వాలేసరికి అన్నీ అయిపోయాయి. డ్రమ్ములోంచి తీసిన ఇనుము మీద నల్లటి జిడ్డు తేలింది. నేను బ్రష్షుతో రుద్ది నీళ్ళు పోసి కడిగితే లోపలినుంచి బూడిదరంగు వెండిలా బయటపడింది. పెరట్లో బండల మీద వరసగా పేర్చాను. నాకైతే కడుపు నిండిపోయింది. అయ్యగారు పొద్దున్నే వచ్చి చూసి, "ఈ పిల్ల ఉండాల్సిందే" అంటారని మనసులో ఆ మాటను ఆయన గొంతుతోనే నాలుగైదు రకాలుగా అనిపించుకున్నాను. అల్లుడుగారు కూడా నడుముకు చేతులు పెట్టుకుని, అద్దాల మేడ కట్టించినవాడిలా చూస్తున్నాడు.

అప్పుడే గడ్డం సారు వచ్చాడు. ఆయన షూటింగుల్లో సెట్లు వేసే ఆర్ట్ డిపార్టుమెంటు మనిషి, యూసుఫ్‌గూడ నుంచి బండి మీద వచ్చి ముందురోజే సామాను చూసుకుపోవడం ఆయన అలవాటు. పెరట్లోకి అడుగుపెట్టి ఆగిపోయాడు.

"ఏందమ్మా గివి? కొత్తయి తెచ్చిండ్రా?"

"లేదు సార్, అవే. తుప్పంత తీసినం," అన్నాను, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ.

ఆయన అక్కడే ఉన్న బకెట్టును బోర్లించి దానిమీద కూర్చున్నాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నాయన సచ్చిపోయి, ఎవుసం బందువెట్టి, కొట్టంల ఏండ్లసంది పడున్న నాగలి గిది. రేపు హీరోయిన్ దీన్ని వట్టుకొని ఏడ్వాలె. గింత మెరుస్తుంటే ఏం జూసి ఏడుస్తది? మొహం జూసుకొని బొట్టు సవరించుకుంటది."

మేం కిరాయికి ఇచ్చేది నాగలిని కాదు, తుప్పును అన్న సంగతి నాకు ఆ క్షణందాకా తట్టలేదు. మా నాయన కొడవలి, గొడ్డలి, కర్రు అన్నీ తోమి నేర్పాడే గాని, తుప్పు కూడా సరుకేనని ఎక్కడా చెప్పలేదు పాపం. అల్లుడుగారు ముందుకొచ్చి, మళ్ళీ తుప్పు పట్టించవచ్చు, దానికీ పద్ధతి ఉంది, రెండుమూడు రోజులిస్తే చాలన్నాడు. షాటు పొద్దున్నే ఉందన్నాడు గడ్డం సారు. రంగు పూద్దామంటే క్లోజప్‌లో దొరికిపోతుందట. చివరికి లేచి, పొద్దున్న వ్యాను తెస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో గోడౌన్ చూసుకుంటాను, ఇక ఆ సినిమా సామానంతా అక్కడినుంచే పోతుంది అని చెప్పి, నా మొహం చూసి కాస్త మెత్తబడి, "నేనైతే మీ అయ్యగారికి చెప్ప. కానీ ఆయనకు కండ్లున్నయ్ కదా బిడ్డా" అని వెళ్ళిపోయాడు.

అల్లుడుగారు ఇంటర్నెట్‌లో చూసివస్తానని స్కూటరేసుకుని కృష్ణానగర్‌లోని ఇంటర్నెట్ కొట్టుకు పోయాడు. నేను మా గదిలోకి పోయి బట్టలు మూట కట్టడం మొదలుపెట్టాను. ఒంటి మీదిది పోగా ఉన్నవి నాలుగు లంగాఓణీలు. అయినా ఎంతసేపు కట్టినా ఆ మూట ముడి పడలేదు. అత్త గుమ్మానికి ఆనుకుని చూస్తూ, తిట్టలేక, ఓదార్చలేక, "మీ వదిన తమ్ముడు నసీబున్నోడే" అంది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. నవ్వుతూనే నేను ఏడ్చేశాను. బయట సన్నగా తుంపర మొదలైంది. పెరట్లో కడిగిపెట్టిన ఇనుము మాట ఎవరికీ గుర్తులేదు. దాని మొహం చూడటం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

మర్నాడు పొద్దున్న మొహం కడుక్కుందామని పెరట్లోకి పోయిన నేను చెంబు చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయాను. కర్రులు, పాస, ఒక్కటి మిగలకుండా మోదుగపూల రంగులో ఉన్నాయి. చుక్కలు చుక్కలుగా, మడతలు మడతలుగా, తడి తడిగా కొత్త తుప్పు. నా కేకకు అల్లుడుగారు పుస్తకంతో సహా పరుగెత్తుకొచ్చాడు. చూడగానే ఆయన మొహం వాడిపోయింది. "చివరి పేజీ చదవలేదమ్మాయ్. కడగ్గానే ఆరబెట్టి నూనె రాయాలట, లేకపోతే ఒక్క రాత్రిలో తుప్పు తిరిగొచ్చేస్తుందట. పడ్డ కష్టమంతా పోయింది" అన్నాడు. పోయిన కష్టం గురించి ఆయన ఇంకా బాధపడుతూనే ఉన్నాడు, నేను నవ్వడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనకూ వెలిగింది.

గేటు ముందు ఆటో ఆగింది. అయ్యగారు సూట్‌కేసుతో దిగి తిన్నగా పెరట్లోకి వచ్చారు. కర్రును వేలితో తాకి, వేలికి అంటిన ఎర్రరంగు చూశారు. ఆ తరువాత డ్రమ్మును చూశారు, దాని మీది నురగను, చార్జింగు పెట్టెను, అల్లుడుగారి చొక్కా మీది మరకలను వరసగా చూశారు. ఇన్నేళ్ళు సినిమా సామానుతో బతికిన మనిషి. ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. వెనకే వ్యాను వచ్చింది. గడ్డం సారు దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కర్రును వెలుతురుకేసి తిప్పాడు.

"గిదే గావాలె. పాత తుప్పు తెర మీద బురద లెక్క కనవడ్తది. గిది తుప్పు లెక్కనే కనవడ్తది. ఎవలు చేసిండ్రన్నా?"

అయ్యగారు గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, "మా అల్లుడు" అన్నారు. అల్లుడుగారు చేతిలోని పుస్తకం అనవసరంగా తెరిచి మూశాడు. ఆ తరువాత అయ్యగారు నా వైపు తిరిగారు.

"కొత్త తుప్పు, చెయ్యి తగిలితే పోతుంది. దగ్గరుండి తీసుకెళ్ళమ్మా. ఇకనించి ఇనప సామానంతా నీ పూచీ" అని, కాస్త గొంతు తగ్గించి, "అబ్బాయిని మాత్రం దాని దగ్గరికి రానివ్వకు."

అంటే ఉన్నట్టే. అత్త లోపలికి పోయి ఎవరూ అడగకుండానే అందరికీ కాఫీ పెట్టింది, అల్లుడుగారికి స్టీలు గ్లాసులో. నేను వ్యాను ఎక్కించడానికి గోనెసంచుల కోసం వెతికాను. అన్నీ వానకు తడిసి ముద్దయ్యాయి. అప్పుడు మా గదిలోకి పరుగెత్తి, కట్టిపెట్టుకున్న మూట విప్పేసి, ఊరికి పోయేటప్పుడు కట్టుకుందామని పైన పెట్టుకున్న పసుపు లంగాఓణీతో సహా నాలుగూ తెచ్చి, ఒక్కో ఇనపముక్కను పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాను. (ఆ మరకలు ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. తుప్పు ఇనుమును వదులుతుంది గాని గుడ్డను వదలదని ఆ పుస్తకంలో రాసి ఉందో లేదో.) అన్నిటికన్నా పెద్ద కర్రును ఎవరి చేతికీ ఇవ్వకుండా నా ఒళ్ళో పెట్టుకుని వ్యాను వెనక కూర్చున్నాను. ముందురోజు దాకా అరచేతులు బొబ్బలెక్కేలా తోమిన పిల్లే, ఫిల్మ్‌నగర్ ఎత్తులు ఎక్కుతూ వ్యాను కుదిపినప్పుడల్లా, ఒక్క పొడి తుప్పు రాలిపోతుందేమోనని కొంగు అడ్డం పెట్టి, ముందున్న డ్రైవరును బతిమాలుతూనే ఉంది, "జర మెల్లగ పోనియ్యన్నా, తుప్పు రాల్తది" అని.